వానొస్తే ఎడమ పక్క మ్యాట్ కింద నీళ్లు: పాత కారులో లీకు పట్టుకోవడం ఎలా

అడిగిన సంగతి ఇది: చీపురుపల్లి నుంచి ఒకాయన 2009 మోడల్ ఆల్టో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. వాన పడితే ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిసిపోతోంది, రెండు రోజులకి కారంతా కంపు. ఒక షెడ్‌లో ముందు అద్దం చుట్టూ సిలికాన్ రాసి డబ్బులు తీసుకున్నారు, తర్వాత వానకి మళ్లీ అదే కథ. ఇవి ఏసీ నీళ్లా, వాన నీళ్లా, అసలు బాగవుతుందా, లేక అందరూ అన్నట్టు అమ్మేయాలా అని అడుగుతున్నారు.

అమ్మే మాట చివర్లో చూద్దాం. ముందు ఆ సిలికాన్ ట్యూబు ఎవరి చేతిలో ఉన్నా పక్కన పెట్టించండి. నీటి చుక్క లోపలికి దిగుతుండగా మీ కళ్లతో చూసేదాకా ఎక్కడా ఏమీ రాయొద్దు. నేను విజయనగరంలో పాత కార్ల టింకరింగ్ పనిలోనే ఉన్నాను, నా దగ్గరికి లీకు అని వచ్చే బళ్లలో చాలావాటికి అప్పటికే ఎవరో ఒకరు అద్దం చుట్టూ తెల్లగానో నల్లగానో పూసి పంపించి ఉంటారు. దాంతో అసలు దారి కనబడకుండా పోతుంది, మా పని రెట్టింపవుతుంది.

చాలామంది అనుకునేది ఏమిటంటే కారు మూతపెట్టిన డబ్బా, ఎక్కడో చిల్లు పడింది కాబట్టి నీళ్లొచ్చాయి, ఆ చిల్లు మూస్తే అయిపోతుంది అని. కాదండీ. కారు బాడీలోకి నీళ్లు రోజూ వస్తాయి, షోరూమ్ నుంచి నిన్న తెచ్చిన దాంట్లోకి కూడా వస్తాయి. వైపర్ల కింద ఉన్న జాలీలోంచి దిగుతాయి, డోర్ అద్దానికీ బయటి రబ్బరుకీ మధ్య సందులోంచి డోర్ పొట్టలోకి దిగుతాయి. అవి పోవడానికి దారులు కంపెనీ వాళ్లే పెట్టి ఉంచారు. పాత కార్లలో నేను చూసే లీకుల్లో ఎక్కువ భాగం కొత్తగా పడ్డ చిల్లు కాదు, మూసుకుపోయిన దారి. డాబా మీద తూముకి ఆకులు అడ్డం పడితే నీళ్లు మెట్ల గదిలోకి వస్తాయి చూడండి, అంతే. అక్కడ స్లాబుకి సిమెంటు పూస్తే ఏం లాభం?

ఇంకొకటి, నీళ్లు నిలిచిన చోటే నీళ్లు దిగిన చోటు అనుకోవద్దు. టాప్ అంచు జాయింటులోంచి దిగిన చుక్క ముందు పిల్లర్ (అద్దం పక్కన నిలబడే రేకు స్తంభం) లోపల జారి, డాష్‌బోర్డ్ పక్కనుంచి కాళ్ల దగ్గర తేలుతుంది. బండి ఏ వాలులో ఆపారన్నది కూడా లెక్కే. మన ఊళ్లలో ఇంటి ముందు ర్యాంపు మీద ముక్కు పైకి పెట్టి ఆపుతారు కదా, అలా ఆపితే ముందు దిగిన నీళ్లు వెనక సీటు కిందకి పోతాయి, ఓనరేమో వెనక డోర్ రబ్బరు మార్పించుకుంటాడు. మీరు ఎప్పుడూ ఎలా ఆపుతారో, వాన రోజు ఎలా ఆపారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు నీళ్లు ఏవో తేల్చుకోవాలి. కార్పెట్ మీద తెల్ల గుడ్డ గట్టిగా అదిమి చూడండి. ఆకుపచ్చగానో ఎర్రగానో రంగు దిగి, వేళ్ల మధ్య జారుడుగా, వాసన కొంచెం తియ్యగా ఉంటే అది కూలెంట్ (ఇంజన్ వేడి లాగే ద్రవం), అంటే డాష్‌బోర్డ్ లోపల అది తిరిగే చిన్న రేడియేటర్, హీటర్ కోర్ అంటారు, అది గానీ దాని పైపు గానీ కారుతోంది. హీటర్ వేసినప్పుడు అద్దం లోపల జిడ్డుగా మసక పట్టినా, బానెట్ కింద కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతున్నా అదే. దాన్ని నాలుక మీద పెట్టి చూసేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, కూలెంట్ విషం. రంగూ వాసనా లేకుండా, వాన లేని రోజు కూడా ఏసీ వేసుకుని తిరిగితేనే తడిసే పనైతే ఏసీ నీళ్లు. వాన తర్వాతే అయితే వాన నీళ్లు. ఇందులో ఇసుక, బురద కలిసి ఉంటే ఒక గుర్తు: పై నుంచి దిగిన నీళ్లు దాదాపు శుభ్రంగా ఉంటాయి, బురద నీళ్లు నేల నుంచి కొట్టినవి. ఫ్లోర్‌కి ఉన్న రబ్బరు బిళ్ల ఊడిపోయో తుప్పు పట్టి చిల్లు పడో, గుంటల్లో వెళ్లినప్పుడు చక్రం చిమ్మిన నీళ్లు లోపలికి వచ్చాయన్నమాట.

మీరు వాన పడితేనే అని రాశారు కానీ ఏసీ సంగతి కూడా చూసుకోండి, వానాకాలంలో అద్దాలెత్తి ఏసీ వేస్తాం కాబట్టి రెండూ కలిసిపోయి కనబడతాయి. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ ఓ పదిహేను, ఇరవై నిమిషాలు నడవనివ్వండి, తర్వాత కింద వంగి చూడండి. మన తీరప్రాంతం ఉక్కకి బండి కింద చక్కగా బొట్టు బొట్టుగా కారాలి. కారడం లేదంటే ఆ నీళ్లు లోపలే పోతున్నాయి. ఏసీ డ్రెయిన్ అంటే ఫైర్‌వాల్, అదే ఇంజన్‌కీ డాష్‌బోర్డ్‌కీ మధ్య రేకు గోడ, దాంట్లోంచి ఇంజన్ వైపు కిందికి వచ్చే చిన్న రబ్బరు పైపు, అంతే. దాంట్లో దుమ్ము ముద్దకట్టి ఉంటుంది, లేదంటే మట్టిగూళ్లు కట్టే కందిరీగ గూడు పెట్టి ఉంటుంది. ఎక్కువ రోజులు వాడకుండా పెట్టిన బళ్లలో ఈ పురుగు పని చాలాసార్లు చూశాను. కింద నుంచి మెత్తటి ప్లాస్టిక్ ట్యాగ్ నిదానంగా తిప్పుతూ దూర్చండి, మురికి నీళ్లు ఒక్కసారిగా మొహం మీద పడతాయి, పక్కకి జరిగి పని చేయండి. ఇనప కమ్మీతో పొడవొద్దు, కంప్రెసర్ గాలి ఫుల్ ప్రెషర్‌లో కొట్టొద్దు, లోపల పైపు జాయింటు ఊడిందంటే డాష్‌బోర్డ్ దింపాల్సిన పని తెచ్చుకున్నట్టే.

అది బాగానే ఉంటే మీ కేసులో నా అనుమానమంతా వైపర్ల కింద జాలీ మీదే. ఎడమ పక్క, వాన తర్వాతే, అద్దం చుట్టూ రాసినా ఆగలేదు: మూడూ అటే చూపిస్తున్నాయి. అద్దానికీ బానెట్‌కీ మధ్య నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది కదా, దాని కింద తొట్టి లాంటి ఖాళీ ఉంటుంది. అద్దం మీద పడ్డ వానంతా అందులోకి దిగి, రెండు చివర్ల నుంచి ఫెండర్ వెనకగా కిందికి పోవాలి. బ్లోయర్‌కి బయటి గాలి వెళ్లే కంత కూడా ఆ తొట్టిలోనే, కొంచెం ఎత్తు అంచు కట్టి ఉంటుంది. మన బళ్లలో ఆ బ్లోయర్ ఎడమ పక్కనే, గ్లవ్‌బాక్స్ వెనక. తొట్టి చివర మూసుకుపోతే నీళ్లు నిలిచి, ఆ అంచు దాటి బ్లోయర్‌లో పడి, అక్కడ నుంచి ఎడమ సీటు కాళ్ల దగ్గరికి వస్తాయి. బ్లోయర్ వేసినప్పుడు ఆకులు కొట్టుకుంటున్న చప్పుడో, మలుపులో నీళ్లు తొణికే చప్పుడో వస్తే ఇక వెతకక్కర్లేదు.

బండి ఏ చెట్టు కింద ఉంటుందో మీరు రాయలేదు. ఎందుకడుగుతున్నానంటే మామిడాకు, బాదమాకు పెద్దవి, జాలీ మీదే ఆగిపోతాయి, చేత్తో తీసేయొచ్చు. చింతచెట్టు, నిద్రగన్నేరు అలా కాదు. వాటి ఆకులు చిన్న చిన్నవి, జాలీ సందుల్లోంచి నేరుగా లోపలికి రాలిపోతాయి. ఒక రెండు సీజన్లు దుమ్ముతో కలిసి నాని నల్లటి పేడలాంటి ముద్దవుతాయి. వైపర్ ఆర్ములు విప్పి, జాలీ క్లిప్పులు తీసి చూస్తే అందులో చిన్న చిన్న మొక్కలు మొలిచి ఉన్న బళ్లు కూడా వచ్చాయి. క్లిప్పులు పాతబడి పెళుసుగా ఉంటాయి, ఎండలో కాసేపు ఉంచాక తీయండి, కొన్ని విరుగుతాయి, విరిగినా పర్వాలేదు, స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి.

ఆ ముద్దని లోపలికి నెట్టకుండా చేత్తో, చెంచాతో ఎత్తి బయట పడేయండి. తర్వాత ఒక వాటర్ బాటిల్‌తో ఎడమ మూల నిదానంగా పోయండి, ఇంకొకరిని ముందు చక్రం వెనక చూడమనండి. పోసినంత వేగంగా కింద కారాలి. నిలిచి నిలిచి కారితే కింది చివర, ఫెండర్ లోపల మట్టి దిమ్మ ఉన్నట్టు. చక్రం పైన ప్లాస్టిక్ లైనర్ ఉంటే దాని స్క్రూలు విప్పి చెయ్యి పెట్టండి, ఎప్పుడూ విప్పని బళ్లలో గట్టిపడిన మట్టి దోసిళ్లకొద్దీ వస్తుంది. ఫెండర్ కింది భాగం, డోర్ కింద గుమ్మం తుప్పు పట్టేది ఈ తడిమట్టి వల్లే. భీమిలి, భోగాపురం, కళింగపట్నం వైపు బళ్లకి ఉప్పుగాలి కూడా తోడవుతుంది, తుప్పు ఇంకా తొందరగా తింటుంది.

ఇదంతా చేశాకా తడి వస్తుంటే అప్పుడు పైపు పెట్టి పరీక్ష. దీనికి ఇద్దరుండాలి, తొందర ఉండకూడదు. ముందు మ్యాట్లు తీసేసి, డోర్ గుమ్మం ప్లాస్టిక్ పట్టీ విప్పి, కార్పెట్‌ని కింద రేకు కనబడేదాకా మడవండి. కుదిరితే సీటు కూడా దింపండి, కానీ ఎయిర్‌బ్యాగులున్న బళ్లలో సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఉంటే బ్యాటరీ తీసి కాసేపు ఆగాకే ముట్టుకోవాలి. రేకుని పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, డాష్‌బోర్డ్ కింద, ఫైర్‌వాల్ మీద, గుమ్మం వెంబడి టాల్కమ్ పౌడర్ చల్లండి. నీటి చుక్క జారిందంటే పౌడర్ మీద గీత పడుతుంది, ఆ గీత ఎక్కడ మొదలైందో చూస్తే చాలు. లోపల ఒకరు టార్చితో పడుకోవాలి, తల కింద కాళ్లు పైన పెట్టి పడుకోవాల్సి వస్తుంది, సన్నగా ఉన్నవాళ్లని పిలుచుకోండి.

బయట పైపుకి నాజిల్ వద్దు, ప్రెషర్ వాషర్ అసలే వద్దు, దానితో కొడితే మంచి రబ్బరులోంచి కూడా నీళ్లు దూరతాయి, అప్పుడు ప్రతిదీ లీకులాగే కనిపిస్తుంది. మామూలు ధారతో కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందు డోర్ కింది భాగం, తర్వాత డోర్ అద్దం అంచు, తర్వాత జాలీ, తర్వాత ముందు అద్దం కింది అంచు, పక్క అంచులు, ఆఖరున టాప్. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి, చుక్క లోపలి దారి పట్టుకుని బయటపడటానికి టైమ్ కావాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా కారి, ఏది తడిపిందో తెలియదు. చుక్క కనబడగానే ధార ఆపి, మార్కర్‌తో గుర్తు పెట్టి, తుడిచి, అదే చోట మళ్లీ పోసి రెండోసారి కూడా వస్తేనే అది లీకు అని ఖాయం చేసుకోండి.

నీళ్లతో దొరక్కపోతే సబ్బు నురగ పద్ధతి ఉంది. అద్దాలన్నీ ఎత్తి, గాలి మీట బయటి గాలి వైపు పెట్టి, బ్లోయర్ ఫుల్‌లో వేయండి. లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. బయట అద్దం అంచుల మీద, టాప్ జాయింట్ల మీద సబ్బు నీళ్లు స్ప్రే చేస్తే సందు ఉన్నచోట బుడగలు వస్తాయి. ముందు అద్దం, టెయిల్ ల్యాంప్ అంచులకి ఇది బాగా పనికొస్తుంది.

డోర్ల సంగతి. డోర్ పొట్టలోకి దిగిన నీళ్లు కింది అంచున ఉన్న చిన్న కంతల్లోంచి పోవాలి, డోర్ ఊపితే బిందె తొణికినట్టు చప్పుడొస్తే కంతలు పూడిపోయినట్టు, పుల్లతో తీసేయండి. అంతకన్నా ఎక్కువగా దొరికే తప్పు డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు అట్ట) వెనక ఉండే ప్లాస్టిక్ షీటుది. ఆ షీటు చూడటానికి పనికిరాని కవరులా ఉంటుంది, స్పీకర్లు పెట్టేవాళ్లు, పవర్ విండో మోటారు మార్చేవాళ్లు చింపి అవతల పారేస్తారు. నరసన్నపేట నుంచి ఒక ఇండికా వచ్చింది, నాలుగు డోర్ల బీడింగ్ (చుట్టూ ఉండే రబ్బరు) కొత్తది వేయించినా తడి ఆగలేదు. ప్యాడ్ విప్పితే రెండు ముందు డోర్లలో షీటే లేదు, కొత్త స్పీకర్ల వెనక రేకంతా బోసిగా ఉంది. డోర్ లోపల జారే నీళ్లని కిందికి, కంతల వైపుకి మళ్లించేది ఆ షీటే. మందం పాలిథిన్ షీటు కొలతకి కోసి, బ్యూటైల్ టేపుతో (జిగురు రబ్బరు పట్టీ) అంటించి, కింది అంచు డోర్ లోపలికి పడేలా దోపాం. ఖర్చు బీడింగ్‌లో పదోవంతు కూడా కాలేదు. ఆయన మొహం చూడాలి.

బీడింగ్ చూడటం తేలిక. డోర్ వేసేటప్పుడు మధ్యలో కాగితం ముక్క పెట్టి లాగండి, బిగువుగా వస్తే సరే, జారిపోతే అక్కడ రబ్బరు చచ్చినట్టు. ఒక్కోసారి రబ్బరు బాగానే ఉంటుంది, డోర్ హింజి అరిగి డోర్ కిందికి వాలి ఉంటుంది, అప్పుడు కొత్త బీడింగ్ వేసినా దండగే. ఇక గాలివాన లెక్క వేరు. 2018లో తిత్లీ, 2021లో గులాబ్ లాంటి తుఫాన్లప్పుడు వాన అడ్డంగా కొడుతుంది, అలాంటి రోజు ఒకసారి తడిస్తే దాన్ని రోగం అనుకుని బండి విప్పుకోవద్దు, ఆరబెట్టి తర్వాతి మామూలు వానకి చూడండి.

మిగతావి తొందరగా చెప్తాను. ఫైర్‌వాల్‌లో వైర్లు దూరే రబ్బరు గ్రోమెట్లు చూడండి, ఫాగ్ ల్యాంపులకీ హారన్లకీ వైరు లాగినవాళ్లు గ్రోమెట్ చీల్చి వదిలేస్తారు, పంట కోతలప్పుడు ఎలుకలు కూడా కొరుకుతాయి. ఏరియల్ బిగించిన కంత, టాప్ అంచు గాడిలో పగిలిన సీలెంటు చూడండి. డిక్కీలో స్టెప్నీ గుంటలో నీళ్లుంటే టెయిల్ ల్యాంప్ గాస్కెట్ దగ్గర మొదలుపెట్టండి, ముఖ్యంగా వెనక ఎప్పుడైనా గుద్దించి లప్పం పెట్టించిన బండైతే.

ముందు అద్దమే కారుతోందని తేలితే, అది ఏ రకమో చూడాలి. పాత మారుతి 800, ఓమ్నీ, అంబాసిడర్లలో అద్దం రబ్బరు గాడిలో కూర్చుంటుంది, ఆ రబ్బరు గట్టిపడితే కొత్తది వేయించడమే మంచిది. రబ్బరు లేకుండా నేరుగా బాడీకి అంటించిన అద్దమైతే దానికి పీయూ (పాలీయురేథేన్) సీలెంటు వాడాలి. మామూలు బాత్‌రూమ్ సిలికాన్ వెనిగర్ వాసన వస్తుంది కదా, అది ఆరేటప్పుడు వచ్చే ఎసిటిక్ ఆమ్లం, గీత పడ్డ రేకు మీద తుప్పు మొదలుపెడుతుంది. పైగా దాని జిడ్డు మీద తర్వాత పీయూ అంటదు, పెయింటూ అంటదు. అందుకే మీ అద్దానికి రాసినది బ్లేడుతో పూర్తిగా గీకించాకే వేరే పని. అద్దం దింపాల్సి వస్తే కింద ఫ్రేము తుప్పుని గీకి, ప్రైమర్ వేయకుండా మళ్లీ అద్దం పెట్టనివ్వకండి. దగ్గరుండి చూసుకోండి, ఈ ఒక్క చోట మొహమాటం పనికిరాదు. బాడీ జాయింట్లకి సీమ్ సీలెంటు (ఆరాక కూడా సాగే ముద్ద) వాడండి, ఎపాక్సీ ముద్ద వద్దు, బండి కదిలినప్పుడల్లా రేకు కొంచెం ఆడుతుంది, గట్టి ముద్ద పగిలి లేస్తుంది.

లీకు ఆగాక కంపు దానంతట అది పోదు. కార్పెట్ పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, కింద ఉన్న ఫోమ్ లీటర్లకొద్దీ నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. బండిలో ఉంచి ఫ్యాను పెడితే ఆరదు, బయటకి తీసి, షాంపూ నీళ్లతో ఉతికి, రెండు మూడు గట్టి ఎండలు చూపించాలి. ఫోమ్ బూజు పట్టి ఉంటే పారేసి కొత్తది వేయించండి. సెంటు డబ్బాలు, కర్పూరం పెట్టి ఊరుకోవద్దు, ఆ తడి కిందే వైరింగ్ జాయింట్లు ఉంటాయి, అవి పచ్చబట్టి సెంట్రల్ లాక్ ఒకరోజు పనిచేసి ఒకరోజు మానేస్తుంది, అప్పుడు ఎలక్ట్రీషియన్ల చుట్టూ తిరగాలి.

అమ్మాలా వద్దా అన్నది ఆ కార్పెట్ తీసిన రోజే తేలుతుంది. ఫ్లోర్ రేకు మీద అంటించిన తారు షీటు లేచినచోట తుప్పుని స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పైపైన పొలుసు రాలి కింద గట్టి రేకు తగిలితే వైరు బ్రష్షు, రస్ట్ కన్వర్టర్, ఎపాక్సీ ప్రైమర్, పైన పెయింటు, అంతే సరిపోతుంది. మొన కిందికి దిగిపోతే రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి, కాళ్ల దగ్గర ఒక చోట అయితే చేయించండి, తప్పు లేదు. సీటు బోల్టులు పట్టే చోటు గానీ, డోర్ కింద గుమ్మం గానీ మెత్తబడి ఉంటే మాత్రం ఆ బండి మీద ఇక డబ్బు పెట్టొద్దు, ఉన్న సంగతి కొనేవాడికి చెప్పి వచ్చిన రేటుకి ఇచ్చేయండి. నాకైతే మీ బండి అంతదాకా వచ్చినట్టు అనిపించడం లేదు. జాలీ తీసి శుభ్రం చేశాక, బాటిల్‌తో నీళ్లు పోసినప్పుడు ఎక్కడ నుంచి కారాయో, అక్కడి ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.